సింగిల్ ఓనర్ మేక

ఉప్పలకోన పురపాలక సంఘంవారు పెంచలమ్మ మేకను తేలికపాటి మోటారు వాహనాల కింద రాయడంలో దురుద్దేశం ఏమీ లేదు. ఆన్‌లైన్‌లో వేలం వేసిపెట్టే కంపెనీతో వాళ్లు చేసుకున్న ఒప్పందం వాహనాల వరకే కుదిరింది. పశువుల విభాగం మీద నొక్కితే 'త్వరలో' అని వస్తోంది. త్వరలో వచ్చేదాకా బందెలదొడ్డిలో కట్టేసిన మేకను మేపేదెవరు? అందుకని ఉన్నదాంట్లో సర్దారు. నాలుగు కాళ్లున్నాయి, కదులుతుంది, రోడ్డుకు అడ్డంగా నిలబడుతుంది. ఇంతకన్నా దగ్గరి విభాగం లేదని ఆఫీసులో అందరికీ తోచింది.

మేక చేసిన తప్పు మాత్రం నిజమే. మెయిన్ రోడ్డు డివైడర్ మీద సుందరీకరణ పేరుతో నాటిన పూలమొక్కల్ని ఒక కొస నుంచి మొదలుపెట్టి, ఒక్కటీ వదలకుండా శ్రద్ధగా తినుకుంటూ పోయింది. పెంచలమ్మ ఆ పూట పిల్లకు టీకా వేయించడానికి ఆసుపత్రి వరసలో ఉంది. దొడ్డి తలుపు గడియ వేశానా లేదా అని నిలబడినంతసేపూ అనుకుంటూనే ఉంది. ఆమెకు ఆ గుణముంది. గడియ వేసొచ్చినా అనుకుంటుంది, పొయ్యి ఆర్పొచ్చినా అనుకుంటుంది. తీరా ఈసారి అనుకున్నంతా అయింది.

పిల్ల పేరు జోషిత, ఏడాదిన్నరది. తల్లిపాలు చాలక, గేదెపాలు పడక, ప్యాకెట్ పాలు పోస్తే కక్కుకుని, చివరికి మల్లి పాలకు కుదురుకుంది. మల్లి అంటే ఆ మేకే. ఆ పాలు తప్ప గ్లాసులో ఇంకేది పోసినా పెదాలు బిగించి, పోసినవాళ్ల వంక శత్రువును చూసినట్టు చూస్తుంది. ఆ సాయంత్రం ఏమీ తాగకుండా ఏడ్చి ఏడ్చి పడుకుంది. ఒళ్లు కాలుతుంటే అది టీకా జ్వరమో, ఆకలి జ్వరమో తెలియక పెంచలమ్మ దాని నుదుటి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. మొగుడు మాల్యాద్రి లారీ మీద నాగ్‌పూర్ దారిలో ఉన్నాడు. తెల్లారగానే జరిమానా డబ్బులు కొంగున ముడేసుకుని, పిల్లను చంకనేసుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయింది.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు శేషఫణి గారు ఆమె చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నారు.

"ఆలస్యం చేశావమ్మా," అన్నారు.

"నిన్న సాయంత్రమే గదా సార్ మీవాళ్లు తోలుకొచ్చింది."

"సాయంత్రమే అప్‌లోడ్ అయిపోయింది. అప్‌లోడ్ కానంతవరకు అది నీ మేక. అయ్యాక అది వేలంలో ఉన్న వస్తువు."

"జరిమానా కట్టేస్తా సార్. నా మేకను నాకిచ్చేయండి. పిల్ల పాలు లేక నిన్నటి నుంచీ..."

"జరిమానా ఎవరికి కడతావు?"

"మీకే."

"చూశావా. మాకే అంటున్నావు. అంటే ముఖాముఖి." శేషఫణి గారు కళ్లు తెరిచి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "గతంలో ఈ పురపాలక సంఘమున వేలము ప్రత్యక్ష పద్ధతిన జరిగేది. కాజావలీ పళ్లెం కొట్టేవాడు. జనం చుట్టూ మూగి పాడేవారు. ఎవడు ఎంత పాడాడో ప్రతివాడికీ కనిపించేది. అందులో పారదర్శకత ఏముంది? ముఖం ఉన్నచోట మొహమాటం ఉంటుంది. మొహమాటం ఉన్నచోట పక్షపాతం ఉంటుంది. అందుచేత మూడో పక్షాన్ని ప్రవేశపెట్టాం."

"మధ్యలో మూడోవాళ్లెందుకు సార్? మేక మీ దగ్గరుంది, డబ్బులు నా దగ్గరున్నాయి."

"అదేనమ్మా సమస్య. మధ్యలో ఖాళీగా ఉంది. ఆ ఖాళీని పూడ్చినందుకు కంపెనీవారు పాట మీద కొంత సౌకర్య రుసుము తీసుకుంటారు."

"ఎవరి సౌకర్యం సార్?"

"నీదే. నువ్వు ఇంత దూరం రానక్కర్లేదు."

"నేను ఇక్కడే ఉండాను గదా సార్."

"అది నీ అసౌకర్యం. దానికి రుసుము లేదు," అని శేషఫణి గారు మళ్లీ కళ్లు మూసుకున్నారు.

బందెలదొడ్డి ఆఫీసు వెనకే. దాని కాపలాదారు కాజావలీ, ఆ ఊళ్లో పాతికేళ్లు పళ్లెం కొట్టి వేలం పాడించినవాడు, ఇప్పుడు మున్సిపాలిటీ ఇచ్చిన ఫోనుతో ఫొటోలు తీస్తున్నాడు. మల్లిని ఎక్కించిన పేజీని అతనే చూపించాడు.

"నిండా కష్టపడ్డా పెంచలమ్మా. అడిగిన గడి నింపకపోతే ముందుకు పోనీదు ఇది."

పెంచలమ్మ ఏడో తరగతితో బడి మానేసింది గానీ తెలుగు చదవగలదు. రంగు దగ్గర తెలుపు, నలుపు అని ఉంది. యజమానుల సంఖ్య దగ్గర సింగిల్ ఓనర్ అని ఉంది. ఇంధనం దగ్గర పెట్రోలు, డీజిలు, ఇతరములు అని మూడుంటే ఇతరములు అని నొక్కి, పక్కన పచ్చిగడ్డి అని రాశాడు. టైర్ల స్థితి బాగుంది. హారన్ పనిచేస్తుంది. ఇన్సూరెన్సు లేదు. ఇంజను ఫొటో అడిగితే పొట్ట తీశాడు. ఎంత తిరిగిందో తెలిపే మీటరు ఫొటో అడిగితే కాసేపు ఆలోచించి, నోరు తెరిచి పళ్లు తీశాడు.

"వయసు తెలిసేది పళ్లకాడే గదా," అన్నాడు.

మల్లి పెంచలమ్మను చూసి తాడు లాక్కుంటూ అరిచింది. పొదుగు రాయిలా ఉంది. పూట దాటితే పొదుగు వాపు వస్తుందని, వస్తే పాలు పోతాయని, పాలు పోతే పిల్ల ఏం తాగుతుందని పెంచలమ్మ ఒక్క గుక్కలో అనుకుని, చెంబు తీసుకుని కూర్చోబోయింది. కిటికీలోంచి చూస్తున్న శేషఫణి గారు పరుగున వచ్చారు.

"ఆగమ్మా. వేలంలో ఉన్న వాహనం నుంచి ఇంధనం తీయరాదు. నిబంధన."

"ఇంధనం గడ్డి సార్. ఇవి పాలు."

శేషఫణి గారు ఆలోచనలో పడ్డారు. పాలకు గడి లేదు. పిండకపోతే వస్తువు చెడిపోతుంది, చెడిపోతే బాధ్యత తనది. పిండితే నిబంధన తప్పినట్టు, అదీ తనదే. కాజావలీ మెల్లిగా అందుకున్నాడు. "బండ్లకు ఆయిలు మారుస్తారు గదా సార్. పాతది తీసేయకపోతే ఇంజను పట్టేస్తది."

"అది సర్వీసింగు."

"ఇదీ అంతే గదా సార్."

అరగంటలో పెంచలమ్మ ఉప్పలకోన పురపాలక సంఘానికి అధీకృత సర్వీసింగు కేంద్రం అయింది. పూటపూటా వచ్చి తీసిన వ్యర్థ ద్రవాన్ని ఊరికి ఇబ్బంది కలగకుండా తన సొంత బాధ్యతపై వదిలించుకోవాలని షరతు పెట్టారు. జోషిత గోడ నీడన కూర్చుని ఆ వ్యర్థ ద్రవాన్ని గ్లాసుడు తాగి, మూతి తుడుచుకోకుండానే నిద్రపోయింది. పెంచలమ్మకు సగం ప్రాణం లేచొచ్చింది. మిగతా సగం వేలం దగ్గరే ఉంది. ఇంకెవరో కొనుక్కుపోతే ఈ సర్వీసింగు ఎన్నాళ్లు?

పాడాలంటే కంపెనీ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. నమోదుకు డ్రైవింగ్ లైసెన్సు కావాలి. పెంచలమ్మ మాల్యాద్రికి ఫోన్ చేసింది.

"మావా, నీ లైసెన్సు ఫొటో పంపు. మేకను కొనాల."

"మన మేకను మనం కొనేదేందే? దానికి లైసెన్సేంది?"

"మేక కాదంట. కారంట."

"ఏ కంపెనీది?" అన్నాడు మాల్యాద్రి.

"నువ్వు గూడా ఎగతాళి చెయ్యబాక మావా. నీకు నంబరొకటి వస్తది, వచ్చినప్పుడల్లా చెప్పాల. పాడిన ప్రతిసారీ వస్తదంట."

"సరే గానీ, పిల్ల తాగిందా?"

"తాగింది. సర్వీసింగు కింద."

మాల్యాద్రికి నాగ్‌పూర్ దాకా ఆలోచించుకోడానికి ఆ మాట సరిపోయింది.

వేలం రోజున పెంచలమ్మ ఫోను పట్టుకుని మల్లి పక్కన నిలబడింది. ఊరంతటికీ సిగ్నల్ బాగా అందేది ఆ దొడ్డిలోనే. శేషఫణి గారు వచ్చి ఆమెను బయటికి పొమ్మన్నారు.

"ఆవరణలో నిలబడి పాడితే అది ప్రత్యక్ష వేలం కిందికి వస్తుంది. వస్తువుకు, కొనుగోలుదారుకు మధ్య సముచితమైన దూరం ఉండాలి."

"ఎంత దూరం సార్?"

శేషఫణి గారు చుట్టూ చూశారు. "రోడ్డు అవతల."

రోడ్డు అవతల సోడా బండి ఉంది. దాని పక్కన నిలబడి, పిల్లను చంకలో పెట్టుకుని, ఫోనును ఆకాశానికి చూపించి సిగ్నల్ పట్టుకుంది. గేటు ఊచల్లోంచి మల్లి ఆమెను చూసి అరిచింది. శేషఫణి గారు ఆ అరుపు విని మళ్లీ బయటికొచ్చారు. వస్తువు తనంతట తాను కొనుగోలుదారుల్లో ఒకరిని పిలవడం మిగతా కొనుగోలుదారుల హక్కులకు భంగమని, గేటుకు పచ్చ టార్పాలిన్ పట్టా కట్టించారు. మల్లి ఆ పట్టాను గడ్డి అనుకుని ఒక అంచు నుంచి తినడం మొదలుపెట్టింది.

పెంచలమ్మ జరిమానా డబ్బంత పాడింది. మాల్యాద్రి టోల్‌గేటు దగ్గర లారీ ఆపి నంబరు చెప్పాడు. ఆమె నొక్కింది. రెప్పపాటులో 'మిమ్మల్ని దాటేశారు' అని వచ్చింది. కొంచెం పెంచింది. మళ్లీ నంబరు, మళ్లీ 'దాటేశారు'. చీటీ పాడుకున్న డబ్బు కలిపింది. దాటేశారు. పిల్ల పుట్టినరోజుకని దాచింది కలిపింది. దాటేశారు. ఎవరబ్బా ఊళ్లో తన మీద ఇంత పగబట్టింది అని సోడా బండి చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఒకాయన గోళీసోడా తాగుతున్నాడు. ఇంకొకాయన అప్పు పెట్టమని బతిమాలుతున్నాడు. పగబట్టిన మొహం ఒక్కటీ కనబడలేదు.

"ఇంకెంత పాడమంటావు మావా?"

"ఉన్నదంతా పాడేసినావు గదే. ఇంక నా లారీని పాడాల."

"లారీ మనది గాదు గదా."

"అందుకే చెప్తా ఉండా, ఆపు."

వేలం ముగిసింది. మల్లికి పలికిన ధరతో చిన్న మేకలమందను కొనొచ్చు. ఆఫీసులో లడ్డూలు పంచారు. ప్రత్యక్ష పద్ధతిన అయితే నాలుగు ఊళ్ల మనుషులే పాడేవారనీ, మూడో పక్షం వల్లనే ఉప్పలకోన వస్తువుకు తగిన విలువ దక్కిందనీ శేషఫణి గారు కమిషనర్ ముందు మాట్లాడారు. ఎవరు కొన్నారని పెంచలమ్మ అడిగితే, తమకు తెలియకపోవడమే ఇందులోని నిష్పాక్షికత అని చెప్పి ఆమె చేతిలో కూడా ఒక లడ్డూ పెట్టారు.

కొన్నాయన మర్నాడు వచ్చాడు. పేరు సాంబయ్య, విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్ల వ్యాపారం. మున్సిపాలిటీలు అమ్మే నాలుగు చక్రాల బండి ఏది కనిపించినా పాత బండి ధర దాకా పాడమని ఫోనులో ఒకసారి మీట నొక్కి పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఫోనే పాడుతుంది, ఫోనే కొంటుంది, బ్యాంకు నుంచి డబ్బూ అదే కడుతుంది. ఫొటోలు చూసే అలవాటు మానుకుని చాలా కాలమైంది. చూస్తే ధర తగ్గించబుద్ధవుతుందని ఆయన అనుభవం. బండ్లను లాక్కుపోయే క్రేను బండిని డివైడర్ పక్కన ఆపి, తనే తోలుకొచ్చిన అలసటతో దొడ్డిలోకి నడిచాడు. పూట సర్వీసింగు కోసం వచ్చిన పెంచలమ్మ అక్కడే ఉంది.

"బండేదయ్యా?"

కాజావలీ చూపించాడు.

"ఆ మేకను కాస్త పక్కకు తప్పించు. బండి చూడాలి."

"తప్పిస్తే చూసేదానికి ఏముండదన్నా."

సాంబయ్య పేజీ తెరిచి, మొదటిసారి ఫొటోలు చూశాడు. పళ్ల ఫొటోను పెద్దది చేసి మరీ చూశాడు. తర్వాత కంపెనీకి ఫోన్ చేసి, నలుగురికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"నమస్తే సార్. ఈ రోజు మీకు ఆనందం కలిగించే అవకాశం మాకు ఇచ్చినందుకు ధన్యవాదాలు," అంది ఒక పడుచు గొంతు.

"నేను కొన్నది బండి. ఇక్కడున్నది మేక."

"అర్థమైంది సార్. వస్తువు మేం ఇచ్చిన వివరణకు భిన్నంగా ఉందా?"

"మేక అంటున్నాను గదమ్మా."

"నాలుగు ఉన్నాయా సార్?"

"ఏంటి నాలుగు?"

"కిందవి."

సాంబయ్య అప్రయత్నంగా వంగి చూశాడు. "ఉన్నాయి."

"రంగు తెలుపు, నలుపు. సరిపోయిందా సార్? హారన్..."

మల్లి గొంతెత్తి అరిచింది.

"వినిపించింది సార్. వివరణతో పూర్తిగా సరిపోయింది. వెనక్కి తీసుకోవడం కుదరదు. అయినా మీ బాధను లోతుగా స్వీకరించాం. ఈ ఊరి వస్తువులు తప్పు విభాగంలో పడుతున్నట్టు గుర్తించాం. పశువుల విభాగం ఇప్పుడే తెరిచి, ఈ నిమిషం నుంచి ఉప్పలకోన వస్తువులన్నిటినీ అందులోకి మార్చేస్తున్నాం."

"ఇప్పుడు మారిస్తే నాకేం లాభం?"

"ఇకముందు మీలాంటివారికి ఇబ్బంది కలగదు సార్. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

సాంబయ్య ఫోను కట్టేసి మల్లి వంక వ్యాపారి చూపు చూశాడు. "ఎంత తూగుద్ది?" అని కాజావలీని అడిగాడు.

పెంచలమ్మ మల్లికి అడ్డంగా వచ్చింది. "తూకం ఎందుకన్నా?"

"ఆటోనగర్‌లో ఏదైనా చివరికి తూకానికే పోద్దమ్మాయ్. దార్లో ఏ మటన్ కొట్టుకో ఇచ్చేస్తే డీజిలు ఖర్చులైనా వస్తాయి."

ఏడుపు గొంతు దాకా వచ్చింది గానీ ఏడిస్తే మాట రాదని మింగేసింది. "దీన్ని ఎట్లా తీసకపోతావన్నా?"

"నా పక్కన సీట్లో పడేసుకుని."

"సీటు తినేస్తది. నిన్న ఆ పట్టా సగం తినింది, చూడు. వెనకాల కడదామంటే, క్రేను కొక్కేనికి మేకను తగిలించుకుపోతా ఉండావని దారిపొడుగూతా వీడియోలు తీస్తారు. ఆటోనగర్‌లో నీకు మర్యాద గల పేరుండాది గదా."

సాంబయ్య చూస్తుండగానే మల్లి ఆయన చొక్కా జేబులోంచి టోల్‌గేటు రసీదు లాక్కుని నమిలింది. జోషిత చప్పట్లు కొట్టింది. ఆయనకు నవ్వొచ్చింది, నవ్వితే బేరం చెడుతుందని మీసం దువ్వుకున్నాడు.

"నీదా మేక?"

"నాదే. నా పిల్ల తాగేది దీని పాలే అన్నా. ఇంకేది పోసినా తాగదు."

"అయితే నువ్వే పాడుకో. ఎంతిస్తావు?"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు కాజావలీ గదిలోకి పోయి, మూలన పడేసిన ఇత్తడి పళ్లెం తెచ్చి దుమ్ము దులిపాడు. శేషఫణి గారు గబగబా గోడవైపు తిరిగి నిలబడ్డారు. "ఇది నేను చూడడం లేదు. చూస్తే ప్రత్యక్షం అవుతుంది," అన్నారు గోడతో.

పెంచలమ్మ జరిమానా డబ్బు చెప్పింది. పళ్లెం టంగుమంది.

"ఒకటోసారి. ఇంకెవరన్నా ఉండారా?"

ఇంకెవరూ లేరు. అయినా ఆ 'ఇంకెవరన్నా' అనే మాట వినేసరికి పెంచలమ్మ, ఎక్కడి నుంచి ఎవరు దాటేస్తారో అని చీటీ డబ్బు కలిపి చెప్పేసింది.

"రెండోసారి. ఇంకెవరన్నా..."

పుట్టినరోజు డబ్బు కూడా కలిపేసింది. సాంబయ్య నోరు తెరిచి చూశాడు.

"ఆపవయ్యా ఆ పళ్లెం. ఈ పిల్ల తన మీద తనే పాడుకుని ఇల్లు గుల్ల చేసుకునేట్టుంది. నాకూ ఆడపిల్లలున్నారు. మొదట చెప్పిందే ఇవ్వమ్మాయ్. మూడోసారి."

పెంచలమ్మ కొంగుముడి విప్పి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తాడు తీసి ఆమె చేతికిచ్చాడు. మధ్యలో ఎవరూ లేరు. మనిషి చెయ్యి తగిలేసరికి ఆమెకు అప్పటిదాకా మింగిన ఏడుపు వచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది.

అందరూ కలిసి బయటికొచ్చేసరికి డివైడర్ పక్కన క్రేను బండికి గొలుసులు పడి ఉన్నాయి. సుందరీకరణ స్థలానికి ఆనుకుని నిలిపినందుకు పురపాలక సిబ్బంది స్వాధీనం చేసుకున్నారు. శేషఫణి గారు అప్పుడే ఫోను తీసి అప్‌లోడ్ మొదలుపెట్టారు.

"జరిమానా కడతానండీ, ఇప్పుడే ఇస్తా," అన్నాడు సాంబయ్య.

"అప్‌లోడ్ అవుతోందండీ. ఇక మన చేతిలో లేదు." శేషఫణి గారు తెర మీదికి వంగారు. వాహనాల విభాగం కనబడలేదు. ఉన్నది పశువుల విభాగం ఒక్కటే. ఆయన క్షణం కూడా తడబడలేదు. జాతి దగ్గర 'సంకర' అని నొక్కారు. రంగు పసుపు. కొమ్ములు దగ్గర కొక్కేన్ని చూసి 'ఒకటి' అని రాశారు. తర్వాతి గడి దగ్గర ఆగి, కాజావలీని పిలిచారు.

"పాలు ఇస్తుందా?"

కాజావలీ బండి కింద వంగి చాలాసేపు చూశాడు. "కారతా ఉండాయి సార్," అన్నాడు లేస్తూ. "నల్లగా."

శేషఫణి గారు 'పాడి పశువు' అని నొక్కారు. సాంబయ్య తన బండి వంకా, ఆయన వంకా మార్చి మార్చి చూసి, రోడ్డు మీదే చతికిలబడ్డాడు.

పెంచలమ్మ తాడు పట్టుకుని ఇంటిదారి పట్టబోయి ఆగింది. "అన్నా, ఎండలో కూర్చోబాక. ఇంటికి రా, మల్లి పాలతో టీ పెట్టిస్తా. తాగినాక నీ బండిని ఏ రైతు పాడుతున్నాడో చూద్దువు గాని."